ముత్తియాల్‌పేట మామిడితోపులో భారతి గానం

పుదుచ్చేరి: పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన ఉన్న ముత్తియాల్‌పేట ఒకప్పుడు మగ్గాల పేట. తెలుగు చెవికి ముత్యాలపేటగా వినిపించే ఈ పేరు తమిళ సాహిత్యంలో మాత్రం ఒక మామిడితోపు వల్ల నిలిచింది. ఆ తోపులో చెట్ల నీడన కూర్చుని గొంతెత్తి పాడుకున్నవారు మహాకవి సుబ్రహ్మణ్య భారతి. ముప్ఫై తొమ్మిదేళ్లు నిండకుండానే ముగిసిన ఆయన జీవితంలో పదేళ్లు ఈ ఫ్రెంచి పట్టణంలోనే గడిచాయి.

తిరునెల్వేలి ప్రాంతంలోని ఎట్టయపురంలో 1882 డిసెంబర్ 11న ఆయన జన్మించారు. పదకొండేళ్ల వయసులోనే ఆశుకవితతో సంస్థాన పండితులను మెప్పించి భారతి బిరుదు పొందారు. తండ్రి మరణానంతరం కాశీలో కొంతకాలం చదువుకున్నారు. 1904లో మద్రాసు చేరి స్వదేశమిత్రన్ పత్రికలో ఉపసంపాదకుడయ్యారు. ఆ తరువాత ఇండియా వారపత్రిక బాధ్యత చేపట్టారు. 1907 సూరత్ కాంగ్రెస్‌లో తిలక్ పక్షాన నిలిచారు. మరుసటి ఏడు ఇండియా పత్రికకు సంపాదకుడిగా నమోదైన వ్యక్తిని ప్రభుత్వం అరెస్టు చేసింది. తరువాతి వంతు భారతిదేనని మిత్రులు గ్రహించి, బ్రిటిష్ చట్టం చెల్లని పుదుచ్చేరికి ఆయనను పంపించారు.

పత్రిక కూడా ఆయన వెంటే వచ్చింది. 1908 అక్టోబర్ నుంచి పుదుచ్చేరిలో అచ్చయిన ఇండియా సరిహద్దు దాటి పాఠకులకు చేరేది. బ్రిటిష్ ప్రభుత్వం దాని ప్రవేశాన్ని నిషేధించడంతో 1910లో ఆగిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అరవిందులు, అక్టోబర్‌లో వి.వి.ఎస్. అయ్యర్ ఇక్కడికే వచ్చి ఆశ్రయం పొందారు. అరవిందులతో కలసి భారతి రుగ్వేద సూక్తాలను అధ్యయనం చేశారు. 1911 జూన్‌లో తిరునెల్వేలి కలెక్టర్ ఆష్ మణియాచ్చి రైల్వే స్టేషన్‌లో హతుడైన తరువాత పరిస్థితి విషమించింది. పుదుచ్చేరి వీధులు రహస్య పోలీసులతో నిండాయి. ఉత్తరాలు, మనియార్డర్లు మధ్యలోనే నిలిచిపోయేవి. పత్రిక లేదు, జీతం లేదు, ఇంట్లో భార్య చెల్లమ్మ, పిల్లలు ఉన్నారు. అరువు తెచ్చిన బియ్యాన్ని భారతి పిచ్చుకలకు చల్లేశారన్న ప్రసిద్ధమైన కథ ఈ కష్టకాలానికి చెందినదే.

ఆ లేమిలో ఆయనను నిలబెట్టినది పట్టణమే. ఆయన అద్దెకున్న ఇంటి యజమాని విళక్కెణ్ణెయ్ చెట్టియార్, అంటే ఆముదం చెట్టియార్. అద్దె అడగడానికి వచ్చి, లోపల పాట సాగుతుంటే కూర్చుని విని, వచ్చిన పని ప్రస్తావించకుండానే వెళ్లిపోయేవారట. ముత్తియాల్‌పేటలో మరో మిత్రుడు కృష్ణస్వామి చెట్టియార్ ఉండేవారు. పొట్టిగా, బొద్దుగా ఉండే ఆయనను భారతి వెల్లచ్చు, అంటే బెల్లపుదిమ్మ అని ముద్దుగా పిలిచేవారు. మామిడితోపు ఆయనదే. ఇంటి ఇరుకు నుంచి, వెంటాడే వేగుల కళ్ల నుంచి తప్పించుకుని భారతి అక్కడికి నడిచి వెళ్లేవారు.

1912 ప్రాంతంలో రాసిన కావ్యాలు పాంచాలీ శపథం, కణ్ణన్ పాట్టు, కుయిల్ పాట్టు భారతి కీర్తికి మూలస్తంభాలు. మూడవదాని రంగస్థలం ఈ తోపే. కవి ఒక కోకిల పాట విని మోహిస్తాడు. ఆ కోకిల కోతితోను, ఎద్దుతోను కూడా ప్రేమ ముచ్చట్లాడటం చూసి రగిలిపోతాడు. తరువాత దాని పూర్వజన్మ కథ వింటాడు. చివరకు అదంతా పగటికల అని తేలుతుంది. కావ్యంలో మామిడితోపు పట్టణానికి పడమరన ఉన్నట్టు కనిపిస్తుంది, ముత్తియాల్‌పేట ఉత్తరాన ఉంది. దిక్కుల విషయంలో కవిని సర్వేయరు చేయనక్కరలేదు. పుదుచ్చేరి ప్రజలు మాత్రం ఎన్నడో తేల్చుకుని, ఆ చోటును కుయిల్ తోప్పు అని పిలవసాగారు.

కోకిల తనకు ఇష్టమైన సంగీతాన్ని వర్ణించే ఘట్టం ఈ కావ్యంలో అత్యంత విలువైనది. అక్కడ ఏతం పాట, వడ్లు దంచే స్త్రీల పాట, సున్నం దంచేవారి పాట, పొలంలో పనిచేసే ఆడవారి పాట, గాజుల చేతులతో చప్పట్లు కొడుతూ వలయంగా తిరిగే వారి పాట వరుసగా వస్తాయి. వీణ, వేణువు తరువాతే చోటు చేసుకుంటాయి. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. భారతి పాంచాలీ శపథాన్ని నొండిచ్చిందు అనే జానపద బాణీలో రాశారు. కొన్ని పాటలకు రాగతాళాలను తానే నిర్దేశించారు.

సంగీతంపై ఆయన రాసిన వ్యాసం తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తికరం. తమిళనాట కచేరీలలో ఎక్కడ విన్నా అవే కొన్ని కృతులు వినిపిస్తున్నాయని, తెలుగు, సంస్కృతం రాని విద్వాంసులు పదాలను విరిచి, అర్థం తెలియకుండా పాడుతున్నారని ఆయన ఆక్షేపించారు. దీన్ని తెలుగుపై వ్యతిరేకతగా చదివినవారు లేకపోలేదు. అది పొరపాటు. త్యాగరాజ స్వామి గానంలోని రసాన్ని ఆయన మనసారా గౌరవించారు. భరతఖండాన్ని కీర్తించే తన పాటలో తెలుగును సుందరమైన భాషగా పేర్కొన్నారు. పాడేవారికే అర్థం కాని పాట వినేవారిని ఎలా కదిలిస్తుందన్నదే ఆయన బాధ. త్యాగయ్య కృతిని పలుకు చెడకుండా వినాలని కోరుకునే తెలుగు శ్రోతకు కూడా అదే బాధ.

పట్టణంలోని మణక్కుళ వినాయకుడిపై ఆయన వినాయకర్ నాన్మణిమాలై రచించారు. కరువడికుప్పంలోని సిద్ధానంద స్వామి సమాధి మందిరానికి తరచూ వెళ్లేవారు. కుళ్లస్వామి అనే పొట్టి సాధువును తన గురువుగా కవితలో కీర్తించారు. దళిత యువకుడు కనకలింగానికి స్వయంగా ఉపనయనం చేశారు. ఆ కాలపు అగ్రహారాలు సులభంగా క్షమించే పని కాదది. ఒక వివాహంలో తన పాటను పాడిన స్థానిక యువకుడు కనకసుబ్బురత్నాన్ని చేరదీశారు. ఆ యువకుడే తరువాత భారతిదాసన్ పేరుతో తమిళ మహాకవులలో ఒకరయ్యారు. 1916 నవంబర్‌లో పెనుతుపాను పుదుచ్చేరిని ధ్వంసం చేసినప్పుడు, ఒక చిన్న కొబ్బరితోపు మాత్రం పడిపోకుండా నిలవడాన్ని చూసి భారతి దానిపై కవిత రాశారు.

ప్రవాసం భరించలేక 1918 నవంబర్ 20న ఆయన ఫ్రెంచి సరిహద్దు దాటారు. వెంటనే అరెస్టయి కడలూరు జైలులో ఉంచబడి, డిసెంబర్ 14న విడుదలయ్యారు. 1920లో స్వదేశమిత్రన్‌కు తిరిగి వచ్చారు. 1921లో తిరువల్లిక్కేణి పార్థసారథి ఆలయ ఏనుగు ఆయనను పడవేసింది. ఆ దెబ్బల నుంచి తేరుకున్నా, అనారోగ్యంతో క్షీణించి సెప్టెంబర్ 11 అర్ధరాత్రి దాటాక కన్నుమూశారు. అంత్యక్రియలకు ఇరవై మంది కూడా రాలేదు. పాంచాలీ శపథం రెండవ భాగం ఆయన మరణించిన తరువాతే వెలువడింది.

స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి, 1947 ఆగస్టు 15న, డి.కె. పట్టమ్మాళ్ మద్రాసు ఆకాశవాణిలో పాడినవి భారతి పాటలే. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయన రచనల హక్కులను సేకరించి ప్రజలపరం చేసింది. పుదుచ్చేరిలోని ఈశ్వరన్ ధర్మరాజా కోయిల్ వీధిలో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారక మ్యూజియం. అక్కడి నుంచి ముత్తియాల్‌పేట వరకు, ఒకప్పుడు ఆయన తోపుకు వెళ్లినట్టే, నేటికీ నడిచి వెళ్లవచ్చు.