వెయ్యి రూపాయల లెక్క

స్కూల్లో మనకి జ్యోతిరావు ఫూలే అంటే రెండు మార్కుల ప్రశ్న. 1848లో పూణేలో భార్య సావిత్రిబాయితో కలిసి ఆడపిల్లలకి బడి పెట్టారు అని రాస్తే జవాబు అయిపోయేది. కానీ ఆయన జీవితమంతా ఒకే లెక్క అడుగుతూ గడిచింది: పన్ను కట్టేది ఎవరు, ఆ డబ్బుతో చదువుకునేది ఎవరు?

1827లో పుట్టారు. పూలు, కూరగాయలు పండించి అమ్మే కుటుంబం. వీడికి చదువెందుకని నాన్న గోవిందరావు మధ్యలోనే బడి మాన్పించి తోట పనిలో పెట్టారు. ఇరుగుపొరుగున ఉన్న ఒక మున్షీ, ఒక క్రైస్తవ పెద్దమనిషి నచ్చజెప్పాకే మళ్ళీ స్కాటిష్ మిషన్ స్కూల్‌కి పంపారు. చదువు అయ్యేసరికి ఆయనకి ఇరవై ఏళ్ళు, అంటే దాదాపు మన వయసే. మరుసటి ఏడాదే బడి పెట్టారు. ఆ బడి వల్లే 1849లో భార్యాభర్తలిద్దరూ ఇల్లు వదలాల్సి వచ్చింది.

తర్వాత కాంట్రాక్టులు చేశారు, వ్యవసాయం చేశారు, 1873లో సత్యశోధక్ సమాజ్ స్థాపించారు. 1876లో పూణే మునిసిపాలిటీ సభ్యుడయ్యారు. వైస్రాయ్ లిట్టన్ ఊరికి వస్తున్నాడని స్వాగతానికి వెయ్యి రూపాయలు ఖర్చు పెడదామన్నారు. మిగతా సభ్యులంతా సరే అన్నారు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకి పెట్టమని ఫూలే ఒక్కరే కాదన్నారు. తీర్మానం ఎలాగూ పాసైపోయింది అనుకోండి. పెద్ద మార్కెట్ భవనం కట్టడాన్ని కూడా ఆయన అలాగే వ్యతిరేకించారు. ఇప్పుడు ఆ మార్కెట్ పేరేంటో తెలుసా? మహాత్మా ఫూలే మండై!

అసలు విషయం 1882లో జరిగింది. దేశంలో చదువుల పరిస్థితి చూడటానికి హంటర్ కమిషన్ వచ్చింది. ఫూలే ఇంగ్లీషులో ఒక వినతిపత్రం ఇచ్చారు. సర్కారు ఖజానా నిండేది ఎక్కువగా రైతు చెమటతోనే, కానీ ఆ డబ్బు పోయేది పైకులాల వాళ్ళు చదివే కాలేజీలకి అన్నది అందులోని వాదన. పై చదువులు చదివినవాళ్ళు కిందివాళ్ళకి చెబుతారులే అన్న ప్రభుత్వ నమ్మకాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళలో అలా ఎవరు చెప్పారో చూపించమన్నారు. కనీసం 12 ఏళ్ళ వరకు ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని అడిగారు. ఇంకా చిన్న చిన్న విషయాలు కూడా వదల్లేదు: టీచర్లకి మంచి జీతం ఉండాలి, సిలబస్‌లో వ్యవసాయం ఉండాలి, ఇన్‌స్పెక్టర్లు ముందుగా చెప్పకుండా తనిఖీకి రావాలి. (మన ల్యాబ్ ఇన్‌స్పెక్షన్ ముందురోజు జరిగే హడావుడి గుర్తొచ్చిందా?)

కమిషన్ తప్పనిసరి విద్యకి ఒప్పుకోలేదు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి అది చట్టమైంది 2009లో, అంటే 127 ఏళ్ళ తర్వాత. మన క్లాసులో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ డబ్బు ఉచితం అని ఎవరైనా దెప్పితే, అగ్గిపెట్టె కొన్న కూలీ కూడా జీఎస్టీ కడుతున్నాడని చెప్పండి.

1888లో పక్షవాతం వచ్చి ఫూలే కుడి చెయ్యి పడిపోయింది. ఆయన ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని చివరి పుస్తకం పూర్తి చేశారు. 1890 నవంబర్ 28న చనిపోయారు. పుస్తకం తర్వాతి ఏడాది అచ్చయింది.