అలెగ్జాండర్ ఫ్లెమింగు

స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు ప్రాంతమందు ఒక వ్యవసాయ కుటుంబమున 1881వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అలెగ్జాండర్ ఫ్లెమింగు జన్మించెను. ఏడవయేటనే అతనికి పితృవియోగము కలిగెను. కొండలలోను, వాగుల వెంటను తిరుగుచు, కంటబడినదానినెల్ల నిశితముగా పరిశీలించుట అతనికి బాల్యముననే అలవడెను.

పదమూడవయేట లండను నగరము చేరి, కొంతకాలము ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేసెను. పిమ్మట బంధువుని ఆస్తిలో కొంత సంక్రమింపగా, 1901లో సెయింట్ మేరీస్ వైద్యకళాశాలలో చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సులో సైనికులకు చికిత్స చేయుచు, గాయములు చీముపట్టి యువకులు మరణించుట చూచి మిక్కిలి పరితపించెను.

1928 సెప్టెంబరులో, సెలవులు గడిపి వచ్చిన ఫ్లెమింగు, తాను సూక్ష్మజీవులను పెంచుచున్న గాజుపళ్ళెములలో ఒకదానియందు బూజు పట్టియుండుట గమనించెను. బూజు చుట్టును సూక్ష్మజీవులు నశించియుండెను. అన్యులైనచో ఆ పళ్ళెమును కడిగివేసియుందురు. ఫ్లెమింగు దానిని పరీక్షించి, బూజునుండి వెలువడు పదార్థమునకు పెనిసిలిన్ అని పేరిడెను. కాని దానిని శుద్ధిచేయుట అతనికి సాధ్యము కాలేదు.

ఆ కార్యమును ఆక్స్‌ఫర్డునందు ఫ్లోరీ, చెయిన్ అనువారును, వారి సహచరులును సాధించిరి. 1941 ఫిబ్రవరిలో మృత్యుముఖముననున్న ఒక పోలీసు ఉద్యోగికి వారు పెనిసిలిన్ ఇచ్చిరి. జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను. అంతలో మందు నిండుకొనెను. రోగి మూత్రమునుండి సైతము దానిని వెలికితీసి మరల ఇచ్చిరి. అయినను చాలలేదు. వ్యాధి తిరుగబెట్టి అతడు మరణించెను. అటుపిమ్మట, తక్కువ మందు సరిపోవునని, వారు ముఖ్యముగా పిల్లలకు చికిత్స చేసిరి.

1945లో ఆ మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. ఆ సందర్భమున ఫ్లెమింగు లోకమును హెచ్చరించెను. గొంతునొప్పికి తనంతట తానే కొద్దిగా పెనిసిలిన్ వాడిన ఒకానొక వ్యక్తిని ఊహించి కథగా చెప్పెను. చాలని మందుచే సూక్ష్మజీవులు చావక, దానిని ఎదిరించు శక్తి నార్జించెను. అవి అతని భార్యకు సోకగా, ఆమెకు మందు పనిచేయక మరణించెను.

ఫ్లెమింగు 1955 మార్చి 11వ తేదీన దివంగతుడయ్యెను. అతని హెచ్చరిక నేటికిని మన యిండ్లకు వర్తించును. పసిపిల్లలకిచ్చు ఆంటిబయోటిక్ మందు తరచుగా పొడిరూపమున సీసాలో వచ్చును. కాచి చల్లార్చిన నీటిని గీతవరకు పోసి కలుపవలెను. పొడి అడుగున పేరుకొనును గనుక ప్రతిపర్యాయము సీసాను బాగుగా కుదుపవలెను. లేనిచో మొదట మందు చాలదు, తుదకు మితిమీరును. బిడ్డ బరువునుబట్టి వైద్యుడు నిర్ణయించిన మోతాదును, వంటింటి చెంచాతో గాక కొలత గీతలున్న పాత్రతోనే ఈయవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానరాదు. మిగిలినదానిని మరియొక బిడ్డకు పోయరాదు. సాధారణమైన జలుబునకు ఈ మందు పనిచేయదు. దద్దురులు గాని, ఊపిరాడకుండుట గాని కనిపించిన వెంటనే వైద్యుని ఆశ్రయింపవలెను.

శ్రద్ధగల కన్ను ఈ మందును కనుగొన్నది. శ్రద్ధగల చేయియే దానిని కాపాడవలెను.