ముగింపు లేని ‘గంగు’

రాత్రంతా మేలుకుని చదివిన సస్పెన్స్ నవల చివరి పది పేజీల్లో తుస్సుమంటే ఒళ్లు మండుతుంది కదా! మరి ఆ చివరి పేజీలే లేకపోతే? అలాంటి నవల ఒకటి మన నల్లగొండ గడ్డ మీద పుట్టినాయనే రాశారు.

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్ దగ్గరి మాధవరంలో పుట్టారు. సూర్యాపేటలో హైదరాబాద్ బస్సెక్కితే ఆ దారే. చిన్నప్పుడే తండ్రి పోయారు. పంతుళ్లకు వండిపెడుతూ చదువుకున్నారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు అచ్చేసి తనే మోసుకెళ్లి అమ్మారు. ఆంధ్ర మహాసభలో తిరిగినందుకు నిజాం సర్కారు జైల్లో పెట్టింది. నిజామాబాద్ జైల్లో ఆయనతో ఉన్న దాశరథి తర్వాత ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు.

దొర గడీకి ఎదురు తిరిగిన పల్లె కథను ‘ప్రజల మనిషి’గా రాశారు ఆళ్వారుస్వామి. దాని తర్వాతి కాలం కథే ‘గంగు’. అది పూర్తికాకుండానే, 46 ఏళ్లయినా నిండకుండా 1961లో ఆయన కన్నుమూశారు. ఉన్నంతవరకే తర్వాత అచ్చయింది.

చదివితే వెలితిగానే ఉంటుంది. తర్వాతేమైందో చెప్పేవాళ్లు లేరు. అయితే తెలంగాణ పోరాటాన్ని నవలలుగా చెప్పాలన్న ఆయన పనిని దాశరథి తమ్ముడు రంగాచార్య అందుకున్నారు. చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం అలా వచ్చినవే. వాటిలో పాత్రలు వేరు, పోరాటం అదే.

తొందరపడి చుట్టేసిన ముగింపు మీద కోపమొస్తుంది. ‘గంగు’ ఆగిన చోట మాత్రం రాసినాయన మీద బెంగ కలుగుతుంది. వీలైతే ‘ప్రజల మనిషి’తో మొదలుపెట్టండి.