మొదటికూర్పు కర్త గేరీ గైగాక్స్

క్రొత్తకూర్పు వెలువడగానే పాతకూర్పు అంగళ్లనుండి తొలగిపోవడం పుస్తకలోకంలో పరిపాటి. కాని ఆ పాతకూర్పునే ప్రాణప్రదంగా చూచుకొనేవారు ఉన్నప్పుడు ప్రచురణకర్త కర్తవ్యమేమి? అమెరికా దేశీయుడైన గేరీ గైగాక్స్ జీవితంలో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

గైగాక్స్ 1938 జూలై 27న షికాగో నగరంలో జన్మించినాడు. తండ్రి స్విట్జర్లాండునుండి వలసవచ్చిన వయొలిన్ విద్వాంసుడు. గైగాక్స్ బాల్యంలోనే కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్నపట్టణానికి తరలింది. చదరంగమన్నా, సాహసగాథలన్నా ఆయనకు మిక్కిలి మక్కువ. ఉన్నతపాఠశాల చదువు ముగియకముందే బడి మానినాడు. పిమ్మట బీమాసంస్థలో ఉద్యోగం చేస్తూ, తీరికవేళల బల్లపై ఆడే యుద్ధక్రీడలకు నియమాలు వ్రాసేవాడు. 1970లో ఆ ఉద్యోగం పోయింది. ఇంటి నేలమాళిగలో చెప్పులు బాగుచేసి సంసారం నెట్టుకొనివచ్చినాడే గాని కలం విడువలేదు.

మిన్నెసోటా వాసి డేవ్ ఆర్నెసన్ కల్పనకు తన నియమాలను జోడించి ఆయన రూపొందించిన క్రీడయే డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇందులో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో తామే చెబుతారు. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. దీనిని అచ్చువేసే సంస్థ దొరకకపోగా, 1973లో మిత్రుడు డాన్ కేతో కలిసి టి.ఎస్.ఆర్. అనే సంస్థను తానే స్థాపించినాడు. 1974లో అచ్చయిన వేయి ప్రతులూ ఏడాదిలోగా చెల్లిపోయినవి. 1977, 1979ల నడుమ మూడు సంపుటాలలో ఆ క్రీడకు విస్తృతరూపం కల్పించినాడు. అభిమానులు మొదటికూర్పు అని వ్యవహరించేది దీనినే. ఈ కీర్తికి ఒక మచ్చ లేకపోలేదు: ప్రతిఫలం విషయమై ఆర్నెసన్ వ్యాజ్యం వేయగా, 1981లో రాజీ కుదిరింది.

1985లో వాటాల పోరులో సంస్థపై ఆధిపత్యం గైగాక్స్ చేజారింది. మరుసటియేట ఆయన సంస్థనే విడిచినాడు. 1989లో ఆయన ప్రమేయం లేకుండానే రెండవకూర్పు వెలువడింది. ఆయన కల్పించిన కొన్ని పాత్రలకు అందులో చోటు దక్కలేదు. 1997లో టి.ఎస్.ఆర్.ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ కొన్నది. 2000లో మూడవకూర్పుతోపాటు, ఆ నియమాలను ఇతరులు కూడ వాడుకొనడానికి అనుమతిపత్రం ప్రకటించింది. దాని ఆసరాతో 2006లో అభిమానులు మొదటికూర్పు నియమాలను తమ మాటలలో తిరిగి వ్రాసి వెలువరించినారు. ప్రచురణకర్త విడిచిన భారాన్ని ఆటగాండ్రే తలకెత్తుకొన్నారన్నమాట.

2008 మార్చి 4న గైగాక్స్ లేక్ జెనీవాలోనే కన్నుమూసినాడు. మరుసటియేట పాతకూర్పుల డిజిటల్ ప్రతుల విక్రయాన్ని కూడ సంస్థ నిలిపివేసింది. అయినా అభిమానుల ఆసక్తి సడలలేదు. 2012లో అదే సంస్థ ఆయన మూడు సంపుటాలను పునర్ముద్రించి, వచ్చిన ఆదాయంలో కొంతభాగాన్ని ఆయన స్మారకనిధికి కేటాయించింది. 2013లో డిజిటల్ ప్రతులు సైతం తిరిగి విక్రయానికి వచ్చినవి.

ఈ గౌరవాన్ని కన్నులార చూచే భాగ్యం గైగాక్స్‌కు కలుగలేదు. హక్కులు చేతులు మారవచ్చును, కూర్పులు మారవచ్చును. పాతపుస్తకాన్ని అందుబాటులో ఉంచడం మాత్రం లాభనష్టాల లెక్క ఒక్కటే కాదు. కర్తకూ, చదువరులకూ ప్రచురణకర్త తీర్చవలసిన ఋణం.