ఆంపియరు మహాశయుని చరిత్రము

ఆంద్రే మరీ ఆంపియరు 1775వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందలి లియాను నగరమున జన్మించెను. ఇతఁడు పాఠశాలకుఁ బోక తండ్రి గ్రంథములతోడనే విద్య నార్జించెను. న్యాయాధిపతిగా నుండిన యా తండ్రిని 1793లో విప్లవకారులు శిరశ్ఛేద మొనర్పఁగా, దుఃఖమున నితఁడు దాదాపొక యేఁడు చదువు మానెను. 1803లో భార్యయు గతించెను. అయినను సత్యాన్వేషణమును విడువఁడయ్యెను.

విద్యుత్ప్రవాహముగల తీఁగె దిక్సూచిని గదల్చునని ఎర్‌స్టెడ్డు కనుఁగొన్న వార్త 1820లో వినిన కొలఁది వారములలోనే, యితఁడు రెండు తీఁగెలను సమాంతరముగా నిలిపి పరీక్షించెను. ప్రవాహములు ఒకేదిశను బోవునపుడు తీఁగెలు ఆకర్షించుకొనెను. ఎదురెదురుగాఁ బోవునపుడు వికర్షించుకొనెను. తీఁగె చుట్టునుండు అయస్కాంతక్షేత్రము ప్రవాహముతోఁ బెరుగును. దూరము రెట్టింపైన సగమగును. సమానప్రవాహములు ఒకేదిశను బోయిన, తీఁగెల నట్టనడుమ రెండు క్షేత్రములును పరస్పరము రద్దగును. విరుద్ధదిశలఁ బోయిన నచ్చట రెండును గూడును.

ఇతఁడు 1836లో మార్సేయిలో మరణించెను. 1881లో ప్రవాహమానమున కితని పేరిడిరి. మీటరు దూరమున నున్న సమాంతరపు తీఁగెల నడిమి బలమును బట్టియే 1948 మొదలు 2019 వఱకు ఆ మానము నిర్ణయింపఁబడెను.

జడ్చర్లలో నింటింటికిఁ బోవు విద్యుత్తీఁగెలను జూచు సోదరులకు మేము విన్నవించున దొక్కటియే: సాక్ష్యము విచారింపక తీర్పు చెప్పరాదు, పరీక్షింపక నమ్మరాదు.