నీళ్లిచ్చిన మనుష్యుడు: కాటన్ దొర జీవితము

(ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 14:8–18)



నెల్లూరు నుండి తూర్పుగా ఇందుకూరుపేట దారిని పోవువారికి ఇరుప్రక్కల వరిచేలు కనబడును. ఇంకను ముందుకు పోగా బకింగ్‌హాం కాలువ, దానిని దాటిన తరువాత మైపాడు సముద్రతీరము. కంటి యెదుట అంత నీరున్నను అందులో ఒక చుక్కయు వరిపైరుకు పనికిరాదు. పైరుకు కావలసిన తీయని నీరు పడమటి నుండి, పెన్నా నది మీది కట్టడము నుండి, కాలువల వెంట రావలెను. 1855లో నెల్లూరు వద్ద పెన్నకు అడ్డముగా ఆనకట్ట కట్టబడెను. 1886 నాటికి సంగము వద్ద మరియొకటి పూర్తియాయెను. ఆ పాత కట్టడములకు బదులుగా కట్టిన క్రొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభింపబడెను.

ఇట్టి నేలలో నీళ్లనగా ప్రాణమే. నీళ్లు తెచ్చినవానిని ప్రాణదాత యనుట, రక్షకుడనుట మన జనులకు సహజము. గోదావరి మండలములలో ఒక ఆంగ్లేయుని పేరు ఈలాగుననే నిలిచియున్నది. ఊరూర ఆయన విగ్రహములు గలవు. హైదరాబాదులో ట్యాంకుబండు మీదను ఆయన ప్రతిమ యున్నది. ధవళేశ్వరములో ఆయన పేర ప్రదర్శనశాల యున్నది. గోదావరి పుష్కరములలో స్నానమాడువారు కొందరు తమ పితరులతోపాటు ఆయనకును పిండము పెట్టుదురు. పరదేశియు, పరమతస్థుడునైన ఒకనికి ఇంతటి ప్రేమ దొరకుట అరుదు. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్. మన జనులు కాటన్ దొర యందురు.

క్రైస్తవులమైన మనము ఈ సంగతిని ఎట్లు తలంచవలెను? ఒక మనుష్యుని రక్షకుడనవచ్చునా? దీనికి ఉత్తరము చెప్పకముందు ఆయన జీవితమును కొంచెము తెలిసికొందము.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండు దేశములో పుట్టెను. హెన్రీ కాల్వెలీ కాటన్ అనువానికి ఆయన పదియవ కుమారుడు. పదునైదేండ్ల ప్రాయమున అడిస్కోంబులోని కంపెనీ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళములో ఉద్యోగము పొంది, 1821లో మన దేశమునకు వచ్చెను. మొదట దక్షిణ జిల్లాల చెరువుల పనిలో నుండి, పిమ్మట బర్మా యుద్ధమునకు పోయి తిరిగివచ్చెను. యౌవనమందే ఆయనకు దేవునియందు దృఢమైన విశ్వాసము కలిగెను. ఆ విశ్వాసమును ఆయన తుదివరకు విడువలేదు.

ఆ దినములలో తంజావూరు సీమకు గొప్ప ఆపద వచ్చియుండెను. కావేరి ఇసుకతో పూడి, నీరంతయు కొల్లిడము పాయలోనికి మరలిపోవుచుండెను. పండు నేలలు బీడగుచుండెను. కాటన్ దొర అక్కడ పూర్వకాలపు చోళులు కట్టించిన కల్లణై కట్టడమును శ్రద్ధతో పరిశీలించెను. అడుగున రాయి తగులని నదిలో, జారిపోవు ఇసుక మీద, పెద్ద కట్టడమును ఎట్లు నిలుపవచ్చునో ఆ దేశపు పెద్దల పనిని చూచి నేర్చుకొనెను. ఆ విద్య తనది కాదని, ఈ దేశస్థుల యొద్ద తాను నేర్చుకొన్నదేనని ఆయన దాచక ఒప్పుకొనెను. ఆ విద్యతోనే 1836 ప్రాంతమున కొల్లిడము మీద ఆనకట్టలు కట్టించెను. తంజావూరు తిరిగి పచ్చబడెను.

ఇటు మన తెలుగు సీమలో దుఃఖము నిండియుండెను. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో వచ్చిన కరువును మన వారు డొక్కల కరువని చెప్పుకొందురు. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనములో లక్షన్నరకు పైగా చనిపోయిరని చరిత్రకారులు వ్రాసిరి. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచెను. 1821 నాటికి ఏడు లక్షలకు మించిన రాజమండ్రి జిల్లా జనము ఇరువది యేండ్లకు ఆరు లక్షల లోపునకు తగ్గిపోయెను. గోదావరి మాత్రము ఏటేట నిండుగా పారుచు సముద్రములో కలియుచుండెను. నీటి ప్రక్కనే మనుష్యులు దప్పికతో, ఆకలితో చచ్చుచుండిరి.

అంతలో కాటన్ దొర ఆరోగ్యము చెడి, విశ్రాంతికై ఆస్ట్రేలియా వైపు పోయెను. 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లేర్‌మంత్ అను కన్యకను వివాహమాడెను. తిరిగివచ్చిన పిమ్మట 1844లో గోదావరిని కొలిచి, పరిశీలించి, ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టిన యెడల డెల్టా అంతయు సస్యశ్యామలమగునని పైవారికి వ్రాసెను. కంపెనీ వారికి ముందుగా కనబడినది శిస్తు. జనుల ఆకలి వారి లెక్కలలో తరువాతి మాట. అందుచేత ఆయన ఖర్చెంతయో, రాబడి యెంతయో లెక్క గట్టి వారిని ఒప్పింపవలసివచ్చెను. 1846లో అనుమతి దొరకెను. 1847లో పని మొదలాయెను.

సుమారు పదివేల మంది కూలీలు ధవళేశ్వరమునకు వచ్చిరి. ప్రక్కనున్న కొండ నుండి రాయి తీసిరి. ఎగువ అడవుల నుండి టేకు దుంగలు నీటిమీద తెచ్చిరి. సున్నము కాల్చిరి, ఇటుకలు కాల్చిరి. నది నడుమ లంకలుండుటచేత కట్టను ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. ఇసుకలో బావులు దింపి వాటి మీద గోడ నిలిపిరి. వీణం వీరన్న అను తెలుగువాడు కూలీలను సమకూర్చుటలోను పనులు నడిపించుటలోను దొరకు కుడిచేయిగా ఉండెను. ఆ కాలముననే గోదావరి మండలములో సువార్త ప్రకటించుచుండిన బౌడెన్, బీర్ అను మిషనెరీలు ఆ పనివారి మధ్యకును వచ్చి బోధించిరి. మన నెల్లూరులో శామ్యూల్ డే దొర 1840లో మిషను స్థాపించి అప్పటికి కొన్ని యేండ్లు మాత్రమే అయ్యెను.

1848లో ఎండదెబ్బ తగిలి కాటన్ దొర మరల మంచము పట్టి, సెలవు మీద పోవలసివచ్చెను. ఆర్ అను ఇంజనీరు పని నిలువనీయక నడిపించెను. దొర 1850లో తిరిగివచ్చెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియాయెను. గన్నవరము వద్ద కాలువను నదీపాయకు పైగా దాటించు నలువదితొమ్మిది కమానుల అక్విడక్టును హేగ్ అను యువ ఇంజనీరు కట్టెను. పిమ్మట ఆర్ దొర బెజవాడలో కృష్ణకు ఆనకట్ట కట్టించెను. అదే తరములో మన పెన్నకును ఆనకట్ట వచ్చెను.

కాటన్ దొర 1860లో మన దేశము విడిచి వెళ్లెను. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను. ఆయన పనులన్నియు సఫలమాయెనని తలంపరాదు. ఆయన ఆలోచన ప్రకారము ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ లాభము చూపలేక, తుదకు 1882లో ప్రభుత్వము వారిచే కొనబడెను. 1876లో ధాత కరువు వచ్చి, రెండేండ్లు దక్షిణ దేశమును దహించినప్పుడు మాత్రము గోదావరి, కృష్ణా డెల్టాలు తాము బ్రదికి, ఇతరులకును ధాన్యము పంపినవి. అప్పుడు ఆయన ముసలితనములోను ఊరకుండక, రైళ్లకు పోయు ధనములో కొంత కాలువలకు పోయుడని ఇంగ్లండులో వాదించెను. 1878లో పార్లమెంటు కమిటీ యెదుట నిలిచి, విరోధముగా అడిగిన ప్రశ్నలకు ఉత్తరములిచ్చెను. అధికారులలో అనేకులకు ఆయన మాట రుచింపలేదు.

కడపటి దినములలో ఆయన డార్కింగ్ అను ఊరిలో కాపురముండి, తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి, కొలత నేలలో ఎంత ధాన్యము రాగలదో పరీక్షించుచుండెను. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున నిద్రించెను. మరుసటి యేట ఆయన కుమార్తె తండ్రి జీవితచరిత్రను ప్రచురించెను.

ప్రియులారా, ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము.

రక్షకుడను మాటను పరిశుద్ధ గ్రంథము మనుష్యులకును వాడినదని మనము మరువరాదు. ఇశ్రాయేలీయులు మొఱ్ఱపెట్టినప్పుడు దేవుడు ఒత్నీయేలును రక్షకునిగా లేపెను (న్యాయా. 3:9). కరువు దినములలో యోసేపు ధాన్యము కూర్చి అనేకుల ప్రాణములు కాపాడెను. దేవుడు వస్తువులను సహితము రక్షణకు వాడుకొనెను. ఓడ చెక్కతో చేయబడినది. హోరేబు బండ నుండి నీళ్లు వచ్చెను. అరణ్యములో ఎత్తబడిన ఇత్తడి సర్పమును చూచినవారు బ్రదికిరి. మనుష్యుడైనను, చెక్కయైనను, రాయియైనను, ఇత్తడియైనను, దేవుని చేతిలో నుండగా అది రక్షణ తెచ్చెను.

అయితే ఆ ఇత్తడి సర్పమునకు పిమ్మట ఏమాయెను? జనులు దానికి ధూపము వేయసాగిరి. హిజ్కియా రాజు దానిని ముక్కలుగా కొట్టించి, అది వట్టి ఇత్తడియే యని వారికి తెలియజేసెను (2 రాజులు 18:4). ఉపకారము చేసిన వస్తువు చెడ్డదని ఆయన చెప్పలేదు. జనుల చూపు దానియొద్దనే ఆగిపోయినది గనుక దానిని తీసివేసెను.

లుస్త్ర పట్టణములో జరిగినదియు ఇట్టిదే. కుంటివాడు నడచుట చూచి జనులు పౌలును బర్నబాను దేవతలనుకొని ఎడ్లను పూదండలను తెచ్చిరి. అపొస్తలులు వస్త్రములు చింపుకొని, మేమును మీవంటి మనుష్యులమే యని మొఱ్ఱపెట్టి, వానలను పంటలను ఇచ్చువాని వైపు వారి చూపు త్రిప్పిరి. ఆ జనుల కృతజ్ఞతను వారు ఎగతాళి చేయలేదు. అది చేరవలసిన తావును మాత్రము చూపిరి. కాటన్ దొర జీవించియుండి తన విగ్రహము ముందర దండలు చూచిన యెడల ఇట్లే చేసియుండునని ఆయన విశ్వాసమును బట్టి నమ్మవచ్చును.

కాబట్టి పుష్కరములో ఆయనను తలంచుకొను పొరుగువానిని చూచి మనము నవ్వకుందము. మేలు చేసినవానిని నూట యేబది యేండ్లు దాటినను మరువని హృదయమది. అట్టి కృతజ్ఞత మన సంఘములలో ఎంత మాత్రమున్నది? మన గ్రామములకు బడి తెచ్చినవారిని, వైద్యము తెచ్చినవారిని, సువార్త తెచ్చినవారిని మనము జ్ఞాపకము చేసికొనుచున్నామా?

మరియొక సంగతి. విగ్రహము ఒక్కనిదే. రాయి మోసినవారు పదివేలమంది. ఎండలో జ్వరములతో పనిచేసిన ఆ స్త్రీపురుషులలో ఒకరిద్దరి పేర్లు తప్ప మనకు తెలియవు. కావేరి పెద్దలు నేర్పనిదే దొరకు ఆ విద్య లేదు. ఆర్ దొర నిలువనిదే 1848లో పని ఆగిపోయియుండును. నాటువాడొకడు, నీళ్లు పోయువాడొకడు, ఎదుగుదల దేవునిదని పౌలు కొరింథీయులకు బోధించెను (1 కొరింథి. 3). మనము ఒక్కని పేరు వ్రాసికొందుము. దేవుని గ్రంథములో కూలివాని పేరును వ్రాయబడియుండును.

మనుష్యుని పనికి గడువున్నది. 1836 ప్రాంతమున కట్టిన కొల్లిడము ఎగువ ఆనకట్టలో కొంత భాగము 2018 ఆగస్టు వరదలో కొట్టుకొనిపోయెను. ధవళేశ్వరమున పాత ఆనకట్ట స్థానమున ఆయన పేరనే క్రొత్త బ్యారేజి వచ్చినది. అది సుమారు పది లక్షల యెకరములకు నీరందించుచున్నది. పైరు నిలిపిన పెన్నయే 2021 నవంబరులో పొంగి నెల్లూరు పల్లెలను ముంచెను. నీరును దేవుడు కాదు, కట్టయు దేవుడు కాదు, కట్టినవాడును దేవుడు కాడు. సమరయ స్త్రీ ప్రతిదినము కుండ నెత్తుకొని బావికి రావలసియుండెను. ఆమెతో మాటలాడినవాడు మాత్రము మరల దప్పిక కలుగని జీవజలము నిచ్చెను. ఆ ఊరివారు ఆయన మాట స్వయముగా విని, ఈయనే లోకరక్షకుడని గ్రహించిరి (యోహాను 4). అట్టి రక్షకుడు ఒక్కడే. తక్కినవారందరును ఆయన కాలువలు.

కాలువ అనగా ఏమి? అది తన కొరకు నీటిని దాచుకొనదు. ఎగువ నున్నవాడు తూము ఎక్కువగా ఎత్తిన యెడల దిగువ నున్న చేను ఎండిపోవును. సముద్రము దగ్గరి పల్లెలలోని రైతులకు ఇది బాగుగ తెలియును. మన విశ్వాసము సత్యమో కాదో మందిరములో పాడు పాట కంటె అర్ధరాత్రి తూము దగ్గర తేటగా తెలియును. పొరుగువాని వంతు నీటిని అతనికి విడిచిన చేయి ఆ రాత్రి రక్షకుని సేవ చేసిన చేయి. ఈ నెలలో మన చేలకు నీరు వచ్చినప్పుడు మొదట దేవునికి స్తోత్రము చెల్లింతము. కట్టినవారిని, మోసినవారిని జ్ఞాపకము చేసికొందము. పిమ్మట మన గట్టు అవతలివాని చేను తడిసినదో లేదో ఒకసారి పోయి చూతము. ఆమేన్.