ఉపాధ్యాయినుల తీర్చిదిద్దిన నివేదిత

విద్యాలయమును నెలకొల్పుట కష్టమే. అందు బోధించు వారిని సిద్ధపఱచుట అంతకంటెను కష్టము. ధనమున్నచో గోడలు లేచును, ముద్రణాలయమునుండి పుస్తకములు వచ్చును. కాని తాను గ్రహించినదానిని మఱియొక హృదయములో మొలకెత్తింపగల గురువు అట్లు లభింపడు. అట్టివాడు తపస్సుచే రూపొందవలసినదే. సోదరి నివేదిత జీవితము ఈ సత్యమునకు చక్కని నిదర్శనము. ఆమె కలకత్తాలో బాలికలకు పాఠములు చెప్పెనని అందఱును ఎఱుగుదురు. అందులకు ముందు ఆమె తానెట్టి శిక్షణకు లోనయ్యెనో, దానిని తరువాతివారికి ఎట్లు అందింప యత్నించెనో తలచుకొనుట మనకు శ్రేయస్కరము.

మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్ 1867 అక్టోబరు 28వ తేదీన ఐర్లండు దేశమున డంగానన్ పట్టణములో జన్మించెను. తండ్రి సామ్యూల్ క్రైస్తవ మతబోధకుడు. బీదల సేవలో అలసి, ముప్పదినాలుగవ యేటనే ఆయన కన్నుమూసెను. అప్పటికి మార్గరెట్‌కు పదేండ్లు. హాలిఫాక్స్ కళాశాలలో చదువు ముగించి, 1884లో, పదునేడవ యేట, ఆమె ఉపాధ్యాయినిగా జీవితము నారంభించెను. బొగ్గుగనుల ప్రాంతమైన రెక్స్‌హామ్‌లో పనిచేయునపుడు, పాఠశాల వేళలు ముగిసిన పిదప బీదల యిండ్లకు పోయి వారి కష్టసుఖములను విచారించుచుండెను. శిష్యుని ఇల్లు ఎఱుగనివాడు శిష్యుని మనస్సు ఎఱుగడని ఆమె ఆనాడే గ్రహించెను.

స్విట్జర్లండు దేశీయుడైన పెస్టలాజీ, జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్ బోధించిన నూతన విద్యావిధానమును ఆమె శ్రద్ధతో అభ్యసించెను. బిడ్డ ఖాళీకుండ కాదు, మొలకెత్తనున్న బీజము. కంటితో చూచి, చేతితో తాకి, ఆటలాడి తెలిసికొనినదే బిడ్డకు నిజమైన జ్ఞానము. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను. ఇవియే ఆ విధానమునకు మూలసూత్రములు. లండను సమీపమున వింబుల్డన్‌లో ఆమె స్వయముగ ఒక పాఠశాలను నెలకొల్పి, విద్యావేత్తలలో గణుతికెక్కెను.

1895 నవంబరులో లండనులోని ఒక గృహమున ఆమె వివేకానందస్వామిని తొలిసారి దర్శించెను. స్వామి చెప్పినదంతయు ఆమె వెంటనే అంగీకరింపలేదు. వాదించెను, సంశయించెను, మరల మరల విని తుదకు ఆయనను గురువుగా స్వీకరించెను. భారతస్త్రీల ఉద్ధరణము భారతస్త్రీల చేతులమీదుగనే జరుగవలెనని స్వామి సంకల్పము. అందులకు ముందు బోధకురాండ్రు కావలెను. వారికి దారి చూపుటకు మార్గరెట్ తగినదని ఆయన తలచెను. అయినను ఆమెను ప్రలోభపెట్టలేదు. ఇచటి యెండను, దారిద్ర్యమును, తెల్లవారి పరిహాసమును, ఇక్కడివారి అనుమానమును ముందుగనే వివరించి, బాగుగ ఆలోచించుకొనుమని వ్రాసెను. ఆమె వెనుదీయలేదు. 1898 జనవరి 28వ తేదీన కలకత్తా రేవున దిగెను.

అచ్చటనే ఆమెకు నిజమైన శిక్షణ మొదలయ్యెను. అప్పటికామె పదునాలుగేండ్ల అనుభవముగల ఉపాధ్యాయిని. కాని క్రొత్తదేశములో ఆమె ఓనమాలనుండి ఆరంభింపవలసివచ్చెను. మార్చి 25వ తేదీన స్వామి ఆమెచేత శివపూజ చేయించి, బ్రహ్మచర్యదీక్ష నొసగి, నివేదిత యని నామకరణము చేసెను. స్వరూపానందస్వామి ఆమెకు వంగభాషను, గీతను బోధించెను. ఆ వేసవిలో అల్మోరాలో గురుశిష్యుల నడుమ తీవ్రమైన సంఘర్షణ యేర్పడెను. నామము మాఱినను, నివేదిత హృదయములో ఆంగ్లేయ పతాకముపై అభిమానము చెక్కుచెదరలేదు. భారతదేశమును ఆమె ఇంకను పరదేశపు కొలబద్దతోనే కొలుచుచుండెను. స్వామి ఆమె భావములను దినదినము కఠినముగ ఖండించెను. ఆమె మిక్కిలి వేదన నొందెను, కాని మరలిపోలేదు. తుదకు స్వామియే కొన్నాళ్లు ఏకాంతమునకు పోదలచి, బయలుదేరుటకు ముందు ఆమెను ఆశీర్వదించెను. శిష్యుల నుద్ధరింతునను అహంకారముతో వచ్చినవాడు ఉపాధ్యాయుడు కాజాలడనియు, వారి దేశమును, ఆచారమును, ఆరాధ్యమును ముందుగ ప్రేమింపవలెననియు ఆ బాధలో ఆమెకు బోధపడెను.

ఇక కలకత్తాలోని పూర్వాచారపరుల గృహద్వారములు ఒక పరదేశవనితకు తెరచుకొనవలెను. ఆ పని శ్రీశారదాదేవి కరుణవలన సమకూడెను. మాతృదేవి ఆమెను బిడ్డగా స్వీకరించి, ఆమెతో కలిసి భుజించెను. ఆ కాలమున అది సామాన్యమైన విషయము కాదు. 1898 నవంబరు 13వ తేదీన, కాళీపూజ దినమున, బాగ్‌బజారులోని బోసుపాడా సందులో 16వ నంబరు ఇంట మాతృదేవి పూజచేసి ఆశీర్వదింపగా బాలికల పాఠశాల ఆరంభమయ్యెను.

మొదటి నెలలలో నివేదిత బోధించినదానికంటె నేర్చుకొనినదే యెక్కువ. ఆ చిన్నారుల చేతులలో ముగ్గులు వేయు నేర్పు, మట్టితో బొమ్మలు చేయు నేర్పు ఉండుటను ఆమె గమనించెను. ఆ నేర్పునుండియే చిత్రలేఖనము, లెక్క, అక్షరము పుట్టవలెనని నిశ్చయించెను. ఇంతలో ధనము చాలకపోయెను. 1899 జూనులో పాఠశాలను మూసి, విరాళములకై ఆమె స్వామితో పడమటిదేశములకు పోయెను. ఆ మూతను ఆమె ఓటమిగా నెంచలేదు. ఆ కొలది నెలలు తనకే పాఠశాలయైనవని భావించెను.

పడమట నుండగా, 1900లో ఆమె తన ప్రణాళికను ప్రకటించెను. గంగాతీరమున ఒక గృహము. అందు ఇరువదిమంది వితంతువులు, ఇరువదిమంది అనాథబాలికలు. వారందఱును శారదాదేవి రక్షణలో నుండవలెను. వారిలో తగినవారు ఉపాధ్యాయినులై, తిరిగి తమ సోదరీమణులకు బోధింపవలెను. లోకము అశుభమని త్రోసివేసిన వితంతువునే దేశమునకు గురువుగ నిలుపుట ఆ ప్రణాళికలోని సాహసము. అంతటి గృహము ఆమె జీవితకాలమున లభింపలేదు. కాని ఆ లక్ష్యమును ఆమె విడువలేదు.

1902 ఆరంభమున ఆమె తిరిగివచ్చి సరస్వతీపూజతో పాఠశాలను తెరచెను. ఆ జూలై 2వ తేదీ ఏకాదశి. స్వామి తాను ఉపవాస ముండియు, బేలూరులో నివేదితకు స్వహస్తములతో వడ్డించెను. భోజనానంతరము ఆమె చేతులపై నీరుపోసి తుడిచెను. ఇది తాను గురువునకు చేయవలసిన సేవ యని ఆమె వారింపగా, ఏసుక్రీస్తు తన శిష్యుల పాదములు కడిగిన సంగతిని ఆయన జ్ఞప్తిచేసెను. మఱి రెండు దినములకు, 4వ తేదీన, స్వామి దేహము చాలించెను. గురువు శిష్యునకు సేవకుడనునదే ఆయన ఆమెకు చెప్పిన కడపటి పాఠము. దేశస్వాతంత్ర్యోద్యమమున పాల్గొనదలచినందున ఆ నెలలోనే ఆమె మఠముతో బాహ్యసంబంధమును వదలుకొనెను. హృదయబంధము మాత్రము తెగలేదు.

1903లో అమెరికానుండి వచ్చిన సోదరి క్రిస్టీన్ తోడ్పాటుతో గృహిణులకును, వితంతువులకును ప్రత్యేక తరగతులు మొదలయ్యెను. తరువాత సుధీరాదేవి బోధకురాలై చేరెను. వారికందఱికిని నివేదిత తన నడవడిచేతనే ప్రమాణములను నిర్ణయించెను. రాజపుత్ర చరిత్రను చెప్పునపుడు, తాను చూచిన చితోడు కోటను తలచుకొని, పద్మినీదేవిని ధ్యానించుచు కన్నులు మూసికొనెడిది. తాను అనుభవింపనిదానిని బోధింపరాదని ఆమె నియమము. భారతదేశమునకు రాణి యెవరని ఒకనాడు బాలికలనడుగగా వారు ఆంగ్లరాజ్ఞి పేరు చెప్పిరి. ఆమె మిక్కిలి నొచ్చుకొని, ఈ దేశమునకు ఎన్నటికిని రాణి సీతాదేవియే యని నేర్పెను.

పొరుగున నున్న ఒక బాలవితంతువునకు ప్రతి ఏకాదశినాడు ఫలహారము పెట్టుట ఆమెకు అలవాటు. ఒకసారి మఱచి, శాస్త్రజ్ఞుడు జగదీశచంద్రబోసు ఇంటికి పోయెను. అచ్చట భుజించిన పిదప జ్ఞాపకము రాగా పరుగున తిరిగివచ్చి, తాను తిని బిడ్డను పస్తుంచితినని పరితపించెను. హాజరుపట్టికలో లేని ఈ బాధ్యతయే ఆమె దృష్టిలో ఉపాధ్యాయవృత్తికి ప్రాణము. వేసవి యుక్కలో, ఇరుకుగదిలో, విసనకఱ్ఱతో విసరుకొనుచు ఆమె గ్రంథములు వ్రాసెను. ఆ రాబడిని పాఠశాలకై వెచ్చించెను.

నిరంతర శ్రమచే ఆమె ఆరోగ్యము క్షీణించెను. 1906లో తూర్పువంగమున కఱవు, వరదలు సంభవించినపుడు బాధితులకు సేవచేసి వచ్చి జ్వరపీడితయయ్యెను. 1911 అక్టోబరు 13వ తేదీన డార్జిలింగులో, నలుబదినాలుగేండ్లయినను నిండకముందే, పరమపదించెను. తనకున్నదంతయు భారతస్త్రీల జాతీయవిద్యకై వినియోగింపవలెనని కొలది దినములముందే మరణశాసనము వ్రాసెను.

ఆమె నాటిన బీజము వృథాపోలేదు. సుధీరాదేవి ఆ పాఠశాల భారమును వహించెను. 1918లో రామకృష్ణ మిషన్ దానిని స్వీకరించెను. 1963లో అది రామకృష్ణ శారదా మిషన్ అధీనమునకు వచ్చెను. ఆ పాఠశాలలో చదివిన సరళ యను బాలిక పిదప మాతృదేవిని సేవించెను. 1954లో శ్రీశారదామఠము స్థాపింపబడినపుడు, ప్రవ్రాజిక భారతీప్రాణగా దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను. గంగాతీరమున స్త్రీలే స్త్రీలకు గురువులై వర్ధిల్లు ఆశ్రమమును గూర్చి నివేదిత కన్న కల అట్లు ఫలించెను.

ఉపాధ్యాయవృత్తిని చేపట్టబోవువారికి శిక్షణాలయములు, పరీక్షలు, పట్టములు అవసరమే. వాటిని నివేదిత తృణీకరింపలేదు; తానును మొదట బోధనాశాస్త్రమునే అభ్యసించెను. కాని అటుపైన మఱియొక శిక్షణ గలదు. తన అభిప్రాయములను బలియిచ్చి, తన శిష్యుల జీవితములో తాను మరల శిష్యుడగుట ఆ శిక్షణ. దానికి పట్టము లేదు, ముగింపును లేదు. ఆ దీక్షను గైకొన్నవాని తరగతిలోనే సరస్వతి కొలువుతీరును.